బిర్యానీకి రైలొచ్చింది... మన ఊరికే రాలేదు!

అమలాపురం:

"రైలొచ్చేస్తోంది, చేతులు తీసేయండి!" అని పక్క బల్ల దగ్గర ఓ చిన్నపిల్ల కేక వేసింది. 'కూ' అంటూ కూత వినబడింది. నల్లటి బుల్లి ఇంజను, దాని వెనుక నాలుగు పెట్టెలు గోడ వారగా మలుపు తిరిగి, బల్లల పక్కగా పరుగెత్తుకొచ్చి, సరిగ్గా మా ముందు ఆగాయి. మొదటి పెట్టెలో వేయించిన చేప ముక్కలు. రెండో పెట్టెలో ఉల్లిపాయ, నిమ్మబద్దలు. మూడో పెట్టెలో మంచినీళ్ల సీసాలు. నాలుగో దాంట్లో బిర్యానీ గిన్నె.

మేం అయిదుగురం. మాలో ఒక్కరికీ యాభై ఏళ్లు తక్కువ లేవు. అయినా ఆ క్షణాన అందరం ఆ చిన్నపిల్లలాగే చప్పట్లు కొట్టాం. ఒక్క పెద్దాయన మాత్రం కొట్టలేదు. ఆయన ఇంజను వంక తేరిపార చూసి, "ఆయ్, బిర్యానీకి కూడా రైలొచ్చిందండీ. మన ఊరికే రాలేదు" అన్నారు.

అందరం గొల్లున నవ్వాం. తర్వాత ఎవరికీ వెంటనే మాట రాలేదు. ఆ నవ్వు సంగతి, ఆ తర్వాత మౌనం సంగతి చెప్పడానికే ఈ కథనం.

ఎవరెవరు బయలుదేరారు?

కోనసీమలో ఒకే ఊరి బడిలో చదువుకున్నవాళ్లం నలుగురం. ఒకరు పదవీ విరమణ చేసిన మాస్టారు. ఒకరు కొబ్బరి వర్తకుడు. కారు ఆయనదే, పెట్రోలు ఖర్చు మాత్రం అందరిదీ. ఇంకొకరు మోటారు మెకానిక్కు. నాలుగోవాణ్ణి ఈ రాతగాణ్ణి. అయిదో వ్యక్తి మాకు పెద్ద, కొబ్బరి రైతు. మెకానిక్కు ఆయన్ని 'బాబాయ్' అంటాడు, వర్తకుడు 'బావగారూ' అంటాడు. ఊళ్లో మిగతా అందరికీ ఆయన పెద్దాయన. పేర్లు వద్దులెండి అన్నారు కాబట్టి అలాగే పిలుచుకుందాం.

విజయవాడలో రైలు వడ్డించే హోటలు ఉందని వర్తకుడి మనవడు చెప్పాడట. "తాతా, నువ్వు చూడలేదా?" అని ఆ కుర్రాడు వెక్కిరించాడట. అంతే, ఆదివారం ప్రయాణం ఖాయమైంది. పెద్దాయన మొదట రానన్నారు. "భోజనం కోసం నూట అరవై కిలోమీటర్లా? ఇంట్లో అన్నం లేదా ఏంటి?" అన్నారు. రైలు అనే మాట వినగానే చెప్పులు వేసుకున్నారు.

పొట్టిక్కలతో పొద్దు

తెల్లవారక ముందే మెకానిక్కు స్కూటరు మీద అంబాజీపేట వెళ్లి పొట్టిక్కలు కట్టించుకొచ్చాడు. పనసాకులు నాలుగు చేర్చి, ఈనెలతో కుట్టి బుట్టలా చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికించే ఈ పలహారం గురించి మన జిల్లా వారికి వేరే చెప్పక్కరలేదు. పనసాకు వాసన పిండికి పడుతుంది. ఆకు విప్పితే ఇడ్లీ, ఆకు పారేస్తే పశువుకి మేత. గిన్నె కడిగే పని లేదు.

"మన హోటళ్లలో ఈ ఆకు బుట్టే విశేషం. అక్కడ రైలుపెట్టె విశేషం. తేడా ఏముంది?" అన్నారు మాస్టారు. తేడా ఉందని మధ్యాహ్నానికి తెలిసింది.

అమలాపురం దాటి బోడసకుర్రు దగ్గర వైనతేయ వంతెన ఎక్కాం. ఒకప్పుడు ఇక్కడ పంటు కోసం గట్టున కూర్చుని ఎదురుచూసేవాళ్లం. పెళ్లివారూ పంటు మీదే, పాడి గేదే పంటు మీదే. ఇప్పుడు కారు దిగకుండానే అవతలి గట్టు పాశర్లపూడి చేరిపోతున్నాం. వంతెన మీద నుంచి చూస్తే నదిలో మరో వరస స్తంభాలు కనిపిస్తాయి. అవి రైలు వంతెన కోసం కట్టినవి. పెద్దాయన అద్దం దించి వాటినే చూస్తూ కూర్చున్నారు. అప్పుడాయన ఏమీ అనలేదు.

రాజోలు, దిండి దాటి చించినాడ వంతెన మీద వసిష్ఠ గోదావరిని దాటితే పాలకొల్లు. అక్కడి నుంచి ప్రయాణం తీరే మారిపోతుంది. లంకలకోడేరు, వీరవాసరం స్టేషన్ల పేర్లు వినబడతాయి. నర్సాపురం నుంచి వచ్చే రైలు పట్టాలు దారి పొడవునా దోబూచులాడతాయి. ఒకచోట రైలు మాకు ఎదురైంది. కిటికీల్లో జనం, ఆ జనం చేతుల్లో పల్లీ పొట్లాలు. గట్టిగా అరనిమిషం. మాలో ఎవరూ కొత్తగా రైలు చూసినవాళ్లు కారు. అయినా కారు పక్కకి తీసి ఆపాడు వర్తకుడు. ఎందుకు ఆపావని ఎవరమూ అడగలేదు.

కైకలూరు దగ్గర ఒక జ్ఞాపకం

భీమవరం, ఆకివీడు దాటితే దారంతా చేపల లారీలు. కొల్లేటి గాలి చల్లగా తగిలింది. కైకలూరు సమీపిస్తుండగా మాస్టారు, "ఇక్కడే కదయ్యా మన బాలయోగి గారు పోయింది" అన్నారు.

2002 మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో జి.ఎం.సి. బాలయోగి మరణించింది ఈ కైకలూరు ప్రాంతంలోనే. అప్పటికి ఆయన అమలాపురం ఎంపీ, లోక్‌సభ స్పీకరు. కోనసీమకు రైలు తేవాలని పట్టుబట్టిన మనిషి. కోటిపల్లి–నర్సాపురం కొత్త రైలు మార్గం 2000-01 రైల్వే బడ్జెట్‌లో మంజూరైంది ఆయన హయాములోనే. 57 కిలోమీటర్ల లైను. కోటిపల్లి దగ్గర గౌతమిని, బోడసకుర్రు దగ్గర వైనతేయను, నర్సాపురం వైపు వసిష్ఠను దాటాలి. అంటే మూడు పెద్ద వంతెనలు. ఆ లైను పడితే కాకినాడ నుంచి అమలాపురం మీదుగా నర్సాపురం, అక్కడి నుంచి భీమవరం, విజయవాడ. మేం కారులో వచ్చిన దారే, రైల్లో వెళ్లేవాళ్లం.

కారులో కొంతసేపు రేడియో కట్టేశారు.

రైలు హోటలు ఎలా పనిచేస్తుంది?

విజయవాడ చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. హోటలు గుమ్మంలోనే రైల్వే స్టేషను వాతావరణం. లోపల ఒక గోడ చాటున వంటిల్లు. అక్కడి నుంచి బయలుదేరిన బుల్లి పట్టాలు హాలంతా చుట్టి, ఒక్కో బల్ల దగ్గరికి చీలిపోతాయి. బల్లకు నెంబరుకు బదులు ఒక్కో స్టేషను పేరు.

పద్ధతి ఇది: మీరు బల్ల దగ్గర కూర్చుని ఏం కావాలో సర్వరుకు చెబుతారు. ఆ చీటీ మీ స్టేషను పేరుతో వంటింటికి వెళ్తుంది. వంట సిద్ధం కాగానే గిన్నెలను పెట్టెల్లో సర్ది, మీ బల్ల వైపు పట్టా కలిపి రైలును వదులుతారు. అది మీ దగ్గర ఆగుతుంది. మీరే గిన్నెలు దింపుకోవాలి. రైలు ఖాళీగా వంటింటికి తిరిగి వెళ్తుంది.

మా మెకానిక్కు బల్ల మీద తిండి వదిలేసి పట్టాల కిందికి వంగి చూశాడు. "బాబాయ్, దీనికి బొగ్గూ లేదు, డీజిలూ లేదు. పట్టాల్లోంచే కరెంటు" అని తేల్చాడు. సాధారణంగా ఇలాంటి బొమ్మరైళ్లకు తక్కువ వోల్టేజి కరెంటు పట్టాల ద్వారానే అందుతుంది. పొరపాటున చెయ్యి తగిలినా ఇంట్లో కరెంటులా షాకు కొట్టదు. మలుపులు గుండ్రంగా ఉండటానికి కారణం కూడా అతనే చెప్పాడు. పెట్టెలో పులుసు గిన్నె ఉన్నప్పుడు రైలు ఒక్కసారిగా తిరిగితే పులుసు మన లాల్చీ మీద ఉంటుంది. అందుకే మలుపు దగ్గర రైలు నిదానిస్తుంది.

ఇది ఒక్క విజయవాడ వింత కాదు. హైదరాబాద్ కూకట్‌పల్లిలో 'ప్లాట్‌ఫాం 65' అనే పేరుతో ఇలాంటి బొమ్మరైలు హోటలు పేరు తెచ్చుకుంది. ఐరోపాలో ప్రేగ్ నగరంలోనూ బల్లల దగ్గరికి రైలు మీద పానీయాలు పంపే హోటలు ఉంది. వీటన్నిటికీ తాత మన దేశంలోనే ఉన్నాడు. గ్వాలియరు మహారాజు సింధియా తన జైవిలాస్ మహల్లో భోజనాల బల్ల మీద వెండి రైలు నడిపించేవారు. భోజనాలయ్యాక అతిథుల ముందుకు మద్యం సీసాలు, చుట్టలు మోసుకుంటూ అది బల్ల చుట్టూ తిరిగేది. అతిథి సీసా ఎత్తగానే ఆగేది, తిరిగి పెట్టగానే కదిలేది. ఆ రైలు నేటికీ ఆ మహలు మ్యూజియంలో ఉంది. నాడు మహారాజుల ముచ్చట, నేడు ఆదివారం నాటి సంసారుల సరదా అయింది.

రైల్వే వారు కూడా ఈ మోజు కనిపెట్టారు. వయసు మళ్లిన అసలు రైలుపెట్టెలనే హోటళ్లుగా మార్చి స్టేషన్ల ఆవరణలో నిలబెడుతున్నారు. 2020లో పశ్చిమ బెంగాల్లోని అసన్‌సోల్ స్టేషనులో అలాంటిది వచ్చింది. 2023లో హైదరాబాద్ కాచిగూడ స్టేషనులోనూ పెట్టారు. అక్కడ రైలు కదలదు, మనమే వెళ్లి ఎక్కి కూర్చోవాలి. ఇక్కడ మనం కదలం, రైలే వస్తుంది.

"మా ఊరి స్టేషను ఉందా?"

రెండో విడత రైలు వచ్చి వెళ్లాక పెద్దాయన సర్వరు కుర్రాణ్ణి పిలిచారు.

"అబ్బాయ్, ప్రతి బల్లకీ ఓ స్టేషను పేరు పెట్టారు కదా. అమలాపురం ఉందా?"

కుర్రాడు తడబడ్డాడు. "లేదండీ. అమలాపురానికి రైలు లేదు కదండీ."

"అదేలే. బొమ్మరైలే కదా, ఎక్కడికైనా నడుస్తుందేమోనని అడిగాను."

కుర్రాడు నవ్వాడు. "మాది నర్సాపురం అండి. చిన్నప్పటి నుంచీ మా నాన్న చెబుతూనే ఉన్నాడండి, పట్టాలు మా ఊరు దాటి మీ వైపు వస్తాయని."

పెద్దాయన ముఖం విప్పారింది. "అయితే పట్టా మీ ఊళ్లో ఆగిపోయిందన్నమాట. ఈసారి ఇంటికెళ్లినప్పుడు కొంచెం ఇటు తోసిపోరా నాయనా" అన్నారు.

ఆ కుర్రాడు పోయి, మా బల్లకు మరొక్కసారి రైలు తోలాడు. అందులో అయిదు కిళ్లీలు ఉన్నాయి. బిల్లులో వాటి లెక్క లేదు.

పట్టాలు వచ్చి పోయిన కథ

కిళ్లీ నములుతూ పెద్దాయన తన తండ్రి మాట చెప్పారు. ఆ తండ్రి చిన్నతనంలో పంటు మీద గౌతమి దాటి, కోటిపల్లిలో రైలెక్కి కాకినాడ వెళ్లారట. మేం నమ్మలేదు. మాస్టారు మాత్రం నిజమేనన్నారు.

నిజమే. కాకినాడ–కోటిపల్లి మధ్య 45 కిలోమీటర్ల రైలు మార్గం 1928లోనే వేశారు. ద్రాక్షారామ భీమేశ్వరుణ్ణీ, కోటిపల్లి సోమేశ్వరుణ్ణీ సేవించుకునే యాత్రికులకు, ధాన్యానికి అదే ఆధారం. రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. ఇనుము అవసరమై 1940లో ఆ పట్టాలు ఊడబీకి పట్టుకుపోయారు. పన్నెండేళ్ల ముచ్చట అలా ముగిసింది. ఆ తర్వాత ఆ పట్టాలు తిరిగి పడి రైలు నడిచేసరికి 2004 వచ్చింది. అంటే 64 ఏళ్లు. ఆ లైను మీద ఒంటి పెట్టె రైలుబస్సు నడవడం మన వాళ్లు చాలామంది చూసే ఉంటారు. అయితే అది గౌతమికి ఇవతలి గట్టు దగ్గరే ఆగిపోయింది. అవతల ముక్తేశ్వరం, దాని వెనుక అసలు కోనసీమ.

ఒక్కసారి గోదావరిని పైనుంచి కిందికి చూడండి. ధవళేశ్వరానికి ఎగువన రాజమండ్రి–కొవ్వూరు మధ్య ఒకే గోదావరి మీద ఇప్పటికి మూడు రైలు వంతెనలు కట్టారు. 1900లో హేవలాక్ వంతెన మీద రైలు నడిచింది. 1974లో రోడ్డు కం రైలు వంతెన వచ్చింది. 1997లో హేవలాక్ వంతెనకు విశ్రాంతి ఇచ్చి కమాను వంతెనను తెచ్చారు. ధవళేశ్వరానికి దిగువన గోదావరి పాయలైంది. ఆ పాయల్లో ఏ ఒక్కదాని మీదా నేటికీ రైలు దాటలేదు. కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట పూర్తి చేసి నీళ్లు తెచ్చాడు. నీళ్లొచ్చాయి, వరి వచ్చింది, కొబ్బరి పెరిగింది. పండింది బయటికి పోవడానికి పడవలు, తర్వాత లారీలు.

కొత్త లైనుకు 2000-01లో మంజూరు దొరికినా ఖర్చు అంచనా ఏటికేడు పెరిగి రెండు వేల కోట్ల రూపాయలు దాటింది. అందులో నాలుగో వంతు రాష్ట్ర ప్రభుత్వం భరించాలన్నది ఒప్పందం. భూసేకరణ ఒక పక్క, వాటా సొమ్ము ఒక పక్క, వరదల కాలంలో నదిలో పని ఆగడం ఒక పక్క. స్తంభాలు లేచాయి. 2022 ఏప్రిల్లో కోనసీమ వేరే జిల్లా అయింది, అమలాపురం జిల్లా కేంద్రమైంది. ఆ జిల్లా కేంద్రంలో దిగడానికి రైలు స్టేషను మాత్రం ఇంకా లేదు. జబ్బు చేసి హైదరాబాద్ వెళ్లాల్సినవాడు, మిలటరీలో ఉండి సెలవుకొచ్చినవాడు, గల్ఫు నుంచి దిగినవాడు అర్ధరాత్రి రాజమండ్రిలోనో, పాలకొల్లులోనో దిగి బస్సు కోసం చూడవలసిందే.

కొబ్బరి మొక్క సమస్య

ఇవన్నీ పత్రికలు చదివే వారికి తెలిసినవే. పెద్దాయన చెప్పింది మాకూ కొత్త.

ఆయన తోటలో ఒక మూల చాలాకాలం కిందట కొలతలు వేశారు. రైలు లైను ఇటుగా పోవచ్చునని ఓ హద్దు రాయి పాతారు. ఆ మూల మూడు ముసలి చెట్లు గాలివానకు పడిపోయాయి. అక్కడ కొత్త మొక్కలు వేయాలా, వద్దా? ఇదీ ఆయన సమస్య.

"మన దేశవాళీ కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. వేస్తే, నాలుగో ఏట రైలొచ్చి కొట్టేస్తే? పెంచిన చెట్టు కొట్టించుకోవడం ఇంట్లో పిల్లని పోగొట్టుకున్నట్టు ఉంటుంది. వేయకపోతే, రైలు రాకపోతే? అలా అనుకుంటూనే ఏళ్లు గడిచాయి. ఆ రోజే వేసుంటే ఈపాటికి దింపులవాడు ఎక్కి గెలలు దింపేవాడు. ఆ మూల అలాగే బీడుగా ఉంది. దున్నను, నాటను."

లెక్క వేయడం మొదలుపెట్టాడు వర్తకుడు. మూడు చెట్లు, ఏడాదికి ఇన్ని కాయలు, ఇన్నేళ్లు. మధ్యలో ఆపేశాడు. పెద్దాయన బాధ కాయల లెక్క కాదని అతనికీ అర్థమైంది. రైలు రాదని తెలిస్తే మనిషి తన పని తాను చూసుకుంటాడు. వస్తుందని తెలిస్తే జరిగి దారిస్తాడు. వచ్చీ రానట్టుంటేనే కాలు ముందుకీ పడదు, వెనక్కీ పడదు. కోనసీమలో అలాంటి బీడు మూలలు ఇంకెన్ని తోటల్లో ఉన్నాయో.

వెళ్లదలచిన వారికి

రైలు హోటలు చూడదలచిన వారికి మా అనుభవం నుంచి నాలుగు మాటలు. ఆదివారం, పండుగ రోజు వెళితే బల్ల కోసం చాలాసేపు నిలబడాలి. మామూలు రోజు మేలు. పట్టాలు కనబడే బల్ల కావాలని ముందే అడగండి. పిల్లల్ని పట్టా వైపు కూర్చోబెడితే వాళ్లకు ముచ్చట తీరుతుంది గాని, వేడి గిన్నె మాత్రం పెద్దవాళ్లే దింపాలి. రైలు ఆగక ముందు గిన్నె లాగకూడదు. అన్నీ ఒకేసారి చెప్పకుండా రెండు మూడు విడతలుగా చెప్పండి. ఎన్ని విడతలైతే అన్ని రైళ్లు. బిల్లు మామూలు భోజన హోటలు కంటే ఎక్కువే అవుతుంది. వంట బాగానే ఉంది. అయితే మీరు డబ్బిచ్చేది కూరకు కాదు, కూతకు.

పాకం గారెలు, పులస పులుసు తిన్న నోటికి అక్కడి రుచులు కొత్తగా ఏమీ అనిపించవు. కానీ ముసలివాళ్లను కూడా ఒక పూట పిల్లల్ని చేసే హోటలు అది. మాస్టారు ముప్పై ఏళ్లు పిల్లల్ని అదిలించిన మనిషి. రైలు వచ్చిన ప్రతిసారీ పచ్చజెండా ఊపినట్టు చేతిరుమాలు ఊపారు.

తిరుగు ప్రయాణం

తిరిగి బోడసకుర్రు వంతెన మీదికి వచ్చేసరికి రాత్రి పది దాటింది. పెద్దాయన కారు ఆపమన్నారు. అందరం దిగి రెయిలింగు పట్టుకుని నిలబడ్డాం. కింద వైనతేయ, వెన్నెల. నీళ్లలో రైలు స్తంభాలు వరసగా నిలబడి ఉన్నాయి. దూరంగా పడవలో ఎవరో వల సర్దుకుంటున్నారు.

"బాబాయ్, ఎందుకిలా ఆపించావు?" అన్నాడు మెకానిక్కు.

"ఏం లేదురా. ఈ స్తంభాలైతే కట్టారు కదా. ఇంత లోతు నీళ్లలో పునాది తీసి కట్టినవాళ్లు పైన పట్టా వేయకుండా ఉంటారా అని చూస్తున్నాను."

"వేస్తారంటావా?"

"వేస్తారు. ఎప్పుడో తెలీదు. మా నాన్న ఎక్కాడు. నేను చూడకపోయినా నా మనవడు ఎక్కుతాడు." కాసేపు ఆగి మళ్లీ అన్నారు. "రేపు పొద్దున్నే అంబాజీపేట వెళ్లి మూడు మొక్కలు తెచ్చి ఆ మూల వేసేస్తానురా. రైలొస్తే పోయేది మూడు మొక్కలే, నవ్వుతూ ఇచ్చేస్తాను. రాకపోతే కాయన్నా వస్తుంది."

మర్నాడు మేం వెళ్లి చూశాం. హద్దు రాయికి పక్కనే మూడు గోతులు తవ్వి ఉన్నాయి. మొక్కలు నాటి, నీళ్లు పోసి, చుట్టూ తాటాకు దడి కట్టారు. రాయిని మాత్రం కదపలేదు.